బొమ్మల కింద జవాబులు

తొమ్మిదింబావు అయింది. బాత్రూములో కుళాయి ఇంకా పారుతూనే ఉంది.

"ట్యాంకు ఖాళీ అయిపోతుందే తల్లీ! కిందింటి వాళ్ళొచ్చి నన్ను నాలుగు మాటలూ అనిపోతారు. ఆ కుళాయన్నా కట్టెయ్!" అంటూ అమ్మ అరచేత్తో తలుపు బాదుతోంది.

లోపలున్నది నా చెల్లెలు. చిన్నప్పుడు నోటికి మూత పడేది కాదని ఇంటిల్లిపాదీ దానికి గిలక్కాయ అని పేరు పెట్టాం. ఇప్పుడు దానికి ఇరవై ఒకటి. ఈ వారంలో అది నాతో మాట్లాడిన మాటలు లెక్కపెట్టడానికి చేతి వేళ్ళు చాలు. ఏడున్నరకి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు.

పదకొండింటికల్లా మేం ఆసుపత్రిలో ఉండాలి. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించాను. ఇదే ఆఖరి రోజు.

ఎవరూ లేని గదిలో ఎవరెవరో తనని తిడుతున్నారని ఏడాదిన్నర కిందట గిలక్కాయ చెవులు మూసుకుని ఏడ్చినప్పుడు ఆ ఆసుపత్రికే పరిగెత్తాం. అక్కడి డాక్టరమ్మ ఈ జబ్బు కొత్తగా మొదలైన నలభై మందిని ఎంచుకుని, ఆరు నెలలకోసారి మెదడు స్కాను తీస్తోంది. ఒక్క మనిషి బొమ్మ ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదట. అందరివీ ఏళ్ళ తరబడి తీసి పక్కపక్కన పెట్టుకుంటే, ఎవరు కోలుకుంటారో ఎవరికి తిరగబెడుతుందో ముందే పసిగట్టే దారి దొరుకుతుందేమోనని ఆవిడ ఆశ.

స్కానుకి ముందు ఓ గంటసేపు ప్రశ్నలడుగుతారు. ఆ జవాబులు బాగుండబట్టే ఆవిడ మాత్ర తగ్గించుకుంటూ వచ్చి, రెండు నెలల కిందట సగానికి దింపింది. ఈసారి కూడా ఇలాగే ఉంటే పూర్తిగా ఆపేద్దామంది. గంటా ముప్పావుగా మూసి ఉన్న ఈ తలుపు చూస్తే ఆ మాట అనేదా?

"అమ్మా, నువ్వు పక్కకి జరుగు. నేను మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడితే ఇంకేమన్నా ఉందా? నీది నోరా, ఫ్యాక్టరీ సైరనా? ఉన్నదాన్ని ఇంకాస్త బెదరగొడతావు."

"నువ్వు తలుపు బాదుతుంటే మాత్రం అది నిద్రపోతుందా?"

హాల్లో స్టూలు మీద నాన్న స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఎక్కడెక్కడో ఇరుక్కుపోయిన వాళ్ళని బయటికి తీసుకురావడమే ఆయన పని. "తలుపు బందులు విప్పెయ్యనా?" అని అప్పటికి మూడుసార్లు అడిగాడు.

అమ్మ ఉన్నట్టుండి గొంతు మార్చింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. తరగతిలో పిల్లల్ని దగ్గరికి పిలిచి బుజ్జగించేటప్పుడు వాడే గొంతు అది.

"సరేలే, బయటికి రాకు. అక్కణ్ణించే చెప్పు. మొదటి ప్రశ్న. పోయిన నెల రోజుల్లో, ఎవరూ లేనప్పుడు గొంతులేవైనా వినిపించాయా?"

కుళాయి పారుతోంది.

"చెప్పమ్మా. వచ్చిందేగా నీకు? నిన్న గడగడా చెప్పావు కదా!"

నేను అమ్మ చేతివంక చూశాను. చేతిలో అట్ట వేసిన పొడుగు నోటుబుక్కు.

"ఏంటమ్మా అది?"

"నీకెందుకు? బడి పుస్తకం."

లాక్కున్నాను. ఆవిడ వదలలేదు, నేనూ వదలలేదు. చివరికి అట్ట ఆవిడ చేతిలో, పుస్తకం నా చేతిలో మిగిలాయి.

నీలం సిరాతో ప్రశ్న, కింద నల్ల సిరాతో జవాబు, పక్కన ఎర్ర సిరాతో సూచన. అమ్మ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది.

ప్రశ్న: ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తున్నాయా? జవాబు: లేదు. సూచన: వెంటనే చెప్పాలి. ఆలోచిస్తున్నట్టు కనపడకూడదు.

ప్రశ్న: నిద్ర ఎలా పడుతోంది? జవాబు: బాగుంది. ఏడు గంటలు. సూచన: చిన్నగా నవ్వాలి.

ప్రశ్న: మిమ్మల్ని ఎవరైనా గమనిస్తున్నారనిపిస్తోందా? జవాబు: అబ్బే, లేదండీ. సూచన: కిటికీ వైపు చూడకూడదు.

ముప్పై ప్రశ్నలు. ప్రతిదానికీ పక్కన తేదీలు, టిక్కులు. తప్పు చెప్పిన చోట సున్నా చుట్టి, "మళ్ళీ చదవాలి" అని రాసి ఉంది. మొదటి పేజీలో తేదీ చూశాను. రెండో స్కానుకి నెల ముందుది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు బుద్ధుందా అమ్మా?"

"నోరు జారకు. కన్నతల్లిని."

"కన్నతల్లివి కాబట్టే అడుగుతున్నా! ఇవి పరీక్ష ప్రశ్నలా? బట్టీ పట్టించి పంపించడానికి?"

"ప్రశ్నలున్నాయి. మార్కులున్నాయి. ఎదురుగా కూర్చుని అడిగే మనిషుంది. పరీక్ష కాకపోతే పిక్నిక్కా?" అమ్మ చేతిలో మిగిలిన అట్ట నా మీదకి ఊపింది. "మొదటిసారి ప్రశ్నలడిగే అమ్మాయి డెబ్బై ఆరు అని రాసుకుంది. పక్కనే కూర్చుని నా కళ్ళతో చూశాను. ఎంత ఎక్కువైతే అంత జబ్బట. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలందర్నీ గట్టెక్కించాను. నా పిల్ల నా కళ్ళముందు తప్పుతుంటే గుడ్లప్పగించి చూడమంటావా? రెండోసారి నలభై వచ్చింది. మూడోసారి ఇరవై రెండు. మందు తగ్గించారు! తగ్గించారా లేదా? అంటే జబ్బు తగ్గినట్టే కదా!"

నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

నేను కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాను. వరసలో నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళు చదివే అక్షరాలు విని బట్టీ కొట్టేస్తుంటారు. పెద్దపెద్దవాళ్ళు! కళ్ళు మూసినా చివరి వరస గడగడా అప్పజెబుతారు. నేను కేకలేసి, వేరే అక్షరాల అట్ట తగిలిస్తాను. మీరు నన్ను గెలిస్తే నాకేం పోయిందండీ, మీ ముక్కు మీదకే తప్పు అద్దాలొస్తాయి అని ఎందరికి చెప్పానో! అలాంటి దాన్ని, నా ఇంట్లో ఏడాదిగా జరుగుతున్నది పట్టుకోలేకపోయాను.

అదే అమ్మకి చెప్పాను. గట్టిగానే చెప్పాను.

"పెద్ద చెప్పొచ్చావులే. పోయినసారి ఆ అమ్మాయి నీకూ ఫోను చేసిందిగా, ఇంట్లో ఏమైనా గమనించారా అని. నువ్వేం చెప్పావు?"

కౌంటరు దగ్గర ఆరుగురు నిలబడి ఉన్నారు ఆవేళ. "బానే ఉందండీ, బానే ఉంది" అని పెట్టేశాను. అర నిమిషం కూడా మాట్లాడలేదు.

"అందరం కలిసే చెప్పాం. నా ఒక్కదాని మీదకి తోసెయ్యకు," అంది అమ్మ.

నాన్న వైపు తిరిగాను. "నీకు తెలుసా నాన్నా ఇది?"

ఆయన స్క్రూడ్రైవరు కొనని గోటితో గీకాడు.

"ఆదివారం మధ్యాహ్నాలు నువ్వు షాపుకి పోయాక చదివించేది," అన్నాడు చివరికి. "నేను రేడియో సౌండు పెంచేవాణ్ణి."

ఆ తర్వాత ఇంట్లో కుళాయి చప్పుడొక్కటే మిగిలింది. గంటా ముప్పావుగా వింటున్నాను కదా, అప్పుడు గాని నా మట్టిబుర్రకి వెలగలేదు. గిలక్కాయ నీళ్ళు పారబోయడం లేదు. ఆ చప్పుడు కోసం తిప్పి ఉంచుకుంది. ఇంకేదో వినబడకుండా.

తలుపు దగ్గర నేల మీద కూలబడ్డాను. తలుపు కింద సందుకి మొహం ఆనించాను.

"గిలక్కాయ్. బుక్కు చూశానే."

తలుపు మీద వేలితో మెల్లిగా తట్టాను.

"కేకలెయ్యనులే. ఎప్పట్నించి వినిపిస్తున్నాయి?"

కుళాయి సన్నబడింది. పూర్తిగా కట్టలేదు.

"ఎప్పుడూ ఆగలేదక్కా." దాని గొంతు బొంగురుపోయి ఉంది. "మాత్ర పెద్దదిగా ఉన్నప్పుడు దూరంగా ఉండేవి. పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు. ఇప్పుడు మనింట్లోకే వచ్చేశాయి."

నా వెనక అమ్మ గోడ పట్టుకోవడం తెలుస్తోంది. నేను తిరిగి చూడలేదు.

"ఈరోజు స్కానుకి రావా?"

"స్కానుకొస్తా. ప్రశ్నలకి రాను."

"అదేంటే?"

"ఆ మిషన్లో పడుకుంటే హాయిగా ఉంటుంది నాకు. అందరూ భయపడతారంట ఆ డబడబలకి. నాకు మాత్రం అందులో ఇంకెవరూ వినబడరు. ఆరు నెలలకోసారి ముప్పావు గంట. దాని కోసమే ఎదురుచూస్తుంటా." తలుపుకి అటువైపు ఆనుకుని కూర్చున్నట్టుంది. "కానీ ప్రశ్నలకి ఏం చెప్పనక్కా? మిషనుకి గొంతులు వినబడవంట. అందుకే మనల్ని అడిగి రాసుకుంటారంట. డాక్టరమ్మ చెప్పింది. నా బొమ్మల కింద అమ్మ జవాబులు రాసుకున్నారు. రెండుసార్లు. ఇంకోసారి నా వల్ల కాదు."

"అయితే నిజం చెప్పెయ్. నేను పక్కనుంటా."

"చెబితే అమ్మ ఫెయిలవుతుంది."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు కోపం వస్తుంది. "అమ్మ సంగతి నాకొదిలెయ్! నేనే చెప్తా డాక్టరమ్మకి, మొత్తం—"

కుళాయి మళ్ళీ పెద్దదైంది.

పళ్ళు నూరుకుని మూడు దాకా లెక్కపెట్టాను. "సరే. నేను నోరు విప్పను. నీ ఇష్టం. చెబితే నువ్వే చెప్పు, లేకపోతే లేదు. ఒట్టు."

"నిజంగా?"

"నిజంగానే తల్లీ. నువ్వు బయటికి రా, నా తల ప్రాణం తోకకొచ్చింది."

గడియ తీసింది. మోచేతుల దాకా తడిసిపోయి, చెవుల్లో దూది కుక్కుకుని నిలబడి ఉంది. అమ్మ తువ్వాలు పట్టుకుని ఎదురెళ్ళింది. గిలక్కాయ తుడిపించుకుంది గాని అమ్మ మొహం చూడలేదు.

"నేనూ వస్తాను. గుమ్మం బయటే కూర్చుంటాను," అంది అమ్మ, ఎవరూ అడక్కుండానే.

బుక్కు నా సంచీలో వేసి జిప్పు లాగాను. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. నాన్న మాత్రం బస్సు స్టాపు దాకా వచ్చి, గిలక్కాయ తల మీద చెయ్యి వేసి, "ఇరుక్కుంటే చెప్పు," అన్నాడు. ఆయనకి తెలిసిన ధైర్యం అదే.

* * *

ఆసుపత్రిలో ఆ గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి గడియారం. ప్రశ్నలడిగే అమ్మాయి ఫైలు తెరిచి కూర్చుంది. డాక్టరమ్మ పక్కనే ఉంది, తలంతా నెరిసిపోయిన మనిషి, కళ్ళద్దాలకి పాత నంబరు వాడుతోందని చూడగానే నాకు తెలిసింది. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు దగ్గరగా వేశారు.

"ఇవాళ రారేమోనని భయపడ్డాం," అంది డాక్టరమ్మ నవ్వుతూ. "ఇలాగే ఉంటే మాత్ర ఆపడం గురించి మాట్లాడుకుందామమ్మా."

నోటి దాకా వచ్చిన మాట మింగేశాను.

"పోయిన నెలలో, ఎవరూ లేనప్పుడు గొంతులేవైనా వినిపించాయా?" అడిగింది ఆ అమ్మాయి.

"లేదు," అంది గిలక్కాయ. వెంటనే చెప్పింది. ఆలోచిస్తున్నట్టు కనపడలేదు.

"నిద్ర?"

"బాగుంది. ఏడు గంటలు." చిన్నగా నవ్వింది.

"మిమ్మల్ని ఎవరైనా గమనిస్తున్నారనిపిస్తోందా?"

"అబ్బే, లేదండీ." కిటికీ వైపు చూడలేదు.

ఆ అమ్మాయి రాసుకుంటూ పోతోంది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ. నా చెల్లెలు మా అమ్మ ముత్యాల్లాంటి జవాబులు ఒక్కటి కూడా తప్పకుండా అప్పజెబుతోంది. పొద్దున నాతో మాట్లాడిన ఆ గొంతేదీ? నా ఒళ్ళో ఉన్న సంచీ పట్టీ మెలిపెట్టి మెలిపెట్టి వేళ్ళు ఎర్రబడ్డాయి. ఒట్టెందుకు వేశాను? నాకు నోరు లేని రోజంటూ ఒకటుంటే అది ఇవాళే కావాలా?

ముప్పై అయ్యాయి. డాక్టరమ్మ సంతోషంగా కుర్చీలో వెనక్కి వాలింది. ఇక మాత్ర ఆపేస్తుంది. ఆపితే ఆ గొంతులు ఇంట్లోంచి ఎక్కడిదాకా వస్తాయో నాకు తెలుసు. మొదటిసారి చూశాను కదా.

"ఈసారి నుంచి చివర్లో ఒకటి కొత్తగా చేర్చామండీ," అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు, ఈ గదిలో, నేను మాట్లాడుతుండగా, నా గొంతు కాకుండా మీకు ఇంకేదైనా వినిపిస్తోందా?"

గిలక్కాయ నోరు తెరిచింది.

ఇది బుక్కులో లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవమున్న టీచరమ్మ ఊహించని ప్రశ్న. గోడ గడియారం టక్కు టక్కుమంటోంది. గిలక్కాయ నా వైపు చూసింది. నేను బల్ల కింద దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"వినిపిస్తోంది," అంది.

ఆ అమ్మాయి కలం ఆగిపోయింది. డాక్టరమ్మ ముందుకి వంగింది. "ఏమంటోందమ్మా?"

"లేదు అని చెప్పమంటోంది."

"ఎవరి గొంతు?"

గిలక్కాయ తల వంచుకుంది. "అమ్మది."

డాక్టరమ్మ నెమ్మదిగా లేచి వెళ్ళి తలుపు తీసింది.

బెంచీ మీద అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. చేతిలో పుస్తకం లేదు, నా సంచీలో ఉందిగా. అయినా పెదవులు కదులుతున్నాయి. లేదు. బాగుంది. ఏడు గంటలు. అబ్బే, లేదండీ.

తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచి నిలబడింది. పైట సర్దుకుంది. మా ముగ్గురి మొహాలూ చూసింది.

"ఎలా చెప్పిందండీ?" అంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నేను నోరు విప్పనని మాటిచ్చాను. సంచీ తెరవనని మాత్రం ఒట్టు పెట్టలేదు. జిప్పు లాగాను.

"ఇలా ఇయ్యక్కా," అంది గిలక్కాయ వెనకనుంచి.

ఇచ్చాను. అది ఆ బుక్కు తీసుకుని డాక్టరమ్మని దాటుకుంటూ వెళ్ళి, అమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వే ఇవ్వమ్మా. నేనిస్తే కంప్లైంటు చేసినట్టుంటుంది."

అప్పుడే లోపలి గదినుంచి స్కాను తీసే మనిషి తొంగిచూశాడు. "మిషను ఖాళీగా ఉంది, రావాలమ్మా. పిన్నులూ రింగులూ ఏమైనా ఉంటే తీసెయ్యండి." గిలక్కాయ చెవి రింగులు తీసి నా అరచేతిలో పెట్టింది. చెవుల్లోని దూది కూడా తీసి పెట్టింది. వెనక్కి చూడకుండా లోపలికెళ్ళిపోయింది. బరువైన తలుపు మూసుకుంది.

"అందులో ఏముందమ్మా?" అని డాక్టరమ్మ చెయ్యి చాచింది.

అమ్మ అట్టలేని ఆ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెలకి హత్తుకుంది. జీవితమంతా పరీక్షల్లో పిల్లల దగ్గర కాపీ చీటీలు లాక్కున్న మనిషి. "బడి పుస్తకమండీ," అనబోయింది. పెదవులు అదే అనబోవడం నాకు కనిపించింది.

గోడ అవతల మిషను డబడబమని మొదలైంది. ఇంకో ముప్పావు గంట దాకా గిలక్కాయకి ఎవరూ వినబడరు. అమ్మ కూడా.

డాక్టరమ్మ చాచిన చెయ్యి అలాగే ఉంది.